మేజోళ్ల మీద ఎర్రంచు

సూట్‌కేసులో చీర కింది మడత చూడగానే హైమవతి చేతులు ఆగిపోయాయి.

అది క్లోజెట్ పైఅరలో ఉండే పాత నీలం సూట్‌కేసు. పెళ్లినాటి మధుపర్కాలు తప్ప అందులో మరేమీ పెట్టదు. ఇంట్లో ఏ భయం వచ్చినా వాటిని తీసి, కళ్లకద్దుకుని, దేవుడి ముందు కాసేపుంచి, మళ్లీ మడిచి లోపల పెట్టేస్తుంది. మొగుడు వేణుమాధవ్ వీసా స్టాంపింగ్ ఆగిపోయినప్పుడూ అదే పని, పిల్లకి జ్వరం తగ్గనప్పుడూ అదే పని. ఇప్పుడు ఆయన కంపెనీలో లేఆఫ్‌లట. ఆయన నోరు విప్పి చెప్పలేదు. ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసుకుని మాట్లాడుతున్నాడు కాబట్టి ఆవిడే అర్థం చేసుకుంది.

బుధవారం పొద్దున, మొగుడు ఆఫీసుకీ కూతురు స్కూలుకీ వెళ్లాక, స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని సూట్‌కేసు దించింది. పైన తన చీర, మడత మడతగానే ఉంది. కింద ఆయన పంచె. మడత మారింది. విప్పి చూస్తే ఒక కొస నుంచి మూరెడు మేర ఎర్రంచు లేదు.

ఎలుక అనుకుందామంటే అపార్ట్‌మెంట్‌లో ఎలుకల్లేవు. పైగా ఎలుక కొరికితే గుడ్డ పీలికలవుతుంది. ఇది అంచు వెంట గీత గీసినట్టు, తిన్నగా, పదునైన కత్తెరతో కోసిన కోత. తెల్లగుడ్డ మీద చిన్న చిన్న దారప్పోగులు అప్పుడే లేచినట్టు నిలబడి ఉన్నాయి.

హైమవతి నేల మీద కూలబడింది. మొగుడి మధుపర్కం. చెయ్యి దానంతటదే మంగళసూత్రాల మీదికి వెళ్లింది. వెంటనే ఫోన్ తీసి ఆయనకు చేసింది.

"ఏంటి హైమా, మీటింగ్‌లో ఉన్నా."

"బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నా. ఎందుకు?"

"ఊరికే. కార్ నెమ్మదిగా నడపండి."

"ఆఫీసులో కూర్చున్నవాణ్ణి కార్ నెమ్మదిగా ఎలా నడపనే?" అని నవ్వి పెట్టేశాడు.

ఆవిడకి నవ్వు రాలేదు. ఇంట్లోకి ఎవరెవరు వచ్చారో లెక్కేసుకుంటూ కూర్చుంది. ప్లంబర్ వచ్చాడు గానీ వాడు వంటింటి సింకు దాటలేదు. ఆదివారం అంకిత వచ్చింది. లగేజ్ తూకం మిషన్ కావాలంది. హైమవతి అప్పుడు పూరీలు వేయిస్తోంది. "నువ్వు ఉండక్కా, నూనె పొయ్యి మీదున్నది, నేనే తీసుకుంట" అంటూ చనువుగా లోపలికి వెళ్లిపోయింది. క్లోజెట్‌లోకే వెళ్లింది. తూకం మిషన్ కూడా పైఅరలోనే ఉంటుంది, సూట్‌కేసు పక్కన.

ఎంతసేపు ఉంది లోపల? రెండు పూరీలు పొంగినంత సేపా, నాలుగా? ఆదివారం ఆ సంగతి మనసుకు తట్టనే లేదు. ఇప్పుడు ఆ కాసేపే గంటంత అయి కూర్చుంది.

అంకితది కరీంనగర్. పైఅంతస్తులో ఒక్కతే ఉంటుంది. మొగుడు డెట్రాయిట్‌లో ఉంటాడనేవాళ్లు, తర్వాత ఉన్నాడో లేడో అన్నారు, తర్వాత విడిపోయారని తేలింది. హైమవతికి డ్రైవింగ్ రాదు. టెక్సస్‌లోని ఈ ఇర్వింగ్‌లో డ్రైవింగ్ రానివాళ్లకి కాళ్లున్నా లేనట్టే. మూడేళ్లుగా కూరగాయలకైనా, పిల్ల డెంటిస్టుకైనా తీసుకెళ్లేది అంకితే. అందుకే మొదట ఆ అనుమానాన్ని పక్కకు తోసింది. అది పక్కకు పోలేదు. తన మొగుడు తనకు లేకుండా పోయిన మనిషికి ఇంకొకరి పెళ్లి బట్ట చూస్తే కన్ను కుట్టదా?

మధ్యాహ్నం నమ్రతకి ఫోన్ చేసింది. నమ్రత ఎదుటి బిల్డింగ్‌లో ఉంటుంది. ప్రతి శుక్రవారం ఆడవాళ్ల పారాయణ వాళ్లింట్లోనే.

"ఎవరితో అనకండి నమ్రత గారూ," అని మొదలుపెట్టింది.

"అయ్యో, నేనెందుకంటానండీ!" అంది నమ్రత. అంతా విని, "నేను అనకూడదు గానీ హైమ గారూ, ఆ అమ్మాయి మొన్న మా పాపని ఎత్తుకుని ఎంతసేపటికీ దించలేదండీ. నాకు అప్పుడే ఏదోలా అనిపించింది. ఈ శుక్రవారానికి రావొద్దని మెసేజ్ పెట్టేస్తాను. మీ పేరు రానివ్వను లెండి."

"పెట్టొద్దు" అందామనుకుంది హైమవతి. అనలేదు. ఫోన్ పెట్టాక వంటింట్లోకి వెళ్లి, ఏం చేయడానికి వచ్చిందో గుర్తురాక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

సాయంత్రం కూతురు దేదీప్య భోజనాల బల్ల నిండా సామాను పరిచింది. కత్తెర, ఎలాస్టిక్, వెల్క్రో, మందపాటి నల్ల ఫెల్ట్ గుడ్డముక్కలు. ఆ పిల్ల స్కూల్ పైప్ బ్యాండ్‌లో, అంటే తోలుసంచి బూరల మేళంలో, డ్రమ్ కొడుతుంది. శనివారం ఊళ్లో స్కాట్లాండ్ వాళ్ల ఉత్సవం, అందులో బ్యాండ్ కవాతు. కుచ్చులు పెట్టిన గళ్ల లంగాలాంటి కిల్ట్ హ్యాంగర్‌కి వేలాడుతోంది. అబ్బాయిలూ అమ్మాయిలూ అదే కట్టుకుంటారట. అది ఇంట్లోకి వచ్చిన రోజే హైమవతి దాని పొడవు చూసి, "మోకాళ్లు కనబడతాయే" అంది. "అందరివీ కనిపిస్తాయి అమ్మా" అంది పిల్ల, అదే సమాధానం అన్నట్టు.

"ఇవేంటి?"

"సాక్ ఫ్లాషెస్. ఇది ప్రాక్టీస్ పెయిర్." దేదీప్య కుర్చీ మీద కాలు పెట్టి చూపించింది. మోకాలి దాకా వచ్చే మందపాటి తెల్ల మేజోడు. దాని మీద, పిక్క పైన, ఎలాస్టిక్ పట్టీ చుట్టి వెల్క్రో అంటించింది. పట్టీకి రెండు ఫెల్ట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉన్నాయి. మేజోడు పైభాగం కిందికి మడవగానే ఎలాస్టిక్ కనబడకుండా పోయి, రెండు కొసలు మాత్రం రెండు వేళ్లంత కిందికి వేలాడాయి. "సాక్ కిందకి జారదు. ఎండ్స్ ఇలా క్రాస్‌గా కట్ చెయ్యాలి. కాలికి బయట సైడే రావాలి. సో లెఫ్ట్ వేరే, రైట్ వేరే."

"అన్నీ వాళ్లే ఇచ్చారు కదా, ఇవెందుకు ఇవ్వలేదు? అందరికీ ఇచ్చి నీకు ఇవ్వలేదా?"

"అమ్మా! ఎవరికీ ఇవ్వరు. ఫస్ట్ ఇయర్ వాళ్లు ఎవరిది వాళ్లే చేస్కోవాలి. క్లాత్ ఇంట్లోదే అవ్వాలి, కొనకూడదు, రెడ్ అవ్వాలి. మా బ్యాండ్ టీచర్ మిసెస్ కాల్డర్ రూల్. నీల్ వాళ్ల గ్రాండ్‌పా టై కట్ చేశాడు. ఇంకో అమ్మాయి వాళ్ల పాత కర్టెన్."

"నేను కుట్టి పెడతాను. చేత్తో కుడితే గట్టిగా ఉంటుంది."

"వద్దు, రియల్ పెయిర్ అంకిత ఆంటీ మెషీన్ మీద కుడుతోంది. నేను మొన్ననే ఇచ్చా."

అంకిత పేరు వినగానే హైమవతికి మిగతా మాట చెవికెక్కలేదు. "నువ్వు పైకి వెళ్లావా? నన్ను అడక్కుండా? తినడానికి ఏమైనా పెట్టిందా?"

"వాట్? కుకీ ఇచ్చింది."

"ఇంక వెళ్లకు."

"వై?"

"వెళ్లకంటే వెళ్లకు."

దేదీప్య కత్తెర బల్ల మీద పెట్టింది. "నువ్వు ఎప్పుడూ ఇంతే. వద్దంటావు, వై చెప్పవు." సామాను సంచిలోకి తోసేసి గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి గదిలోంచి డ్రమ్ పుల్లలు పుస్తకం మీద టకటకమని పడుతున్న చప్పుడు వచ్చింది.

గురువారం మధ్యాహ్నం హైమవతి మెట్లెక్కింది. ఏం అడగాలో ముందే కూడబలుక్కుంది. నెమ్మదిగా, తూకం మిషన్ గురించి మొదలుపెట్టి. అంకిత తలుపు తీసింది. చెవులకి హెడ్‌ఫోన్ ఉంది. నోటికి అడ్డంగా వేలు పెట్టి, కూర్చోమని సైగ చేసి, ల్యాప్‌టాప్ ముందు నిలబడి "యెస్, యెస్, విల్ డూ" అంటోంది. మొహం పీక్కుపోయి ఉంది. వంటింటి గట్టు మీద ఒక్క కంచం, ఒక్క గ్లాసు.

కిటికీ దగ్గర కుట్టు మిషన్. మిషన్ సూది కింద ఎర్ర పట్టీ. పక్కనే ఇంకో మూడు, కొసలు ఏటవాలుగా కత్తిరించి, ఇస్త్రీ చేసి, వరుసగా పేర్చి ఉన్నాయి.

హైమవతి దగ్గరకు వెళ్లి ఒకటి తీసి వెనక్కి తిప్పింది. అంచు వెనక వేలెడు వెడల్పున తెల్లగుడ్డ లోపలికి మడిచి కుట్టేసి ఉంది. ఆ తెల్లదాని మీద మూలన పాత పసుపు, ఇరవయ్యేళ్లు మడతలో ఉండి గోధుమరంగులోకి తిరిగిన పసుపు.

కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి.

"ఇదా నువ్వు చేసింది! నా మొగుడి పంచె కోసి, నా కూతురి కాళ్లకి కట్టిస్తావా? ఏం పాపం చేశానే నీకు?"

అంకిత ల్యాప్‌టాప్ మూసేసింది. "ఏందక్కా? ఏమైంది?"

"మధుపర్కం! మా పెళ్లి బట్ట. ఆ రోజు తూకం మిషనని చెప్పి లోపలికి వెళ్లింది ఇందుకేగా!"

అంకిత వచ్చి ఆవిడ చేతిలోని పట్టీ చూసింది. పసుపు మీద బొటనవేలితో రుద్దింది, అప్పటిదాకా మరకే అనుకున్నట్టు. "ఇది దీపూ..." అని ఆగింది. తలుపు వంక చూసింది. మళ్లీ గుడ్డ వంక చూసింది. మొహంలో ఏదో వచ్చి, అంతలోనే సద్దుమణిగింది.

"తప్పైందక్కా," అంది. "నాకు తెల్వలే."

"తెలియకపోవడమేంటి?"

"తప్పైందన్న గదా."

హైమవతి బల్ల మీది మూడూ గుప్పిట్లో ఇరికించుకుని, సూది కింది దాన్ని కూడా పట్టుకుని లాగింది. సూది దిగబడే ఉంది. గుడ్డ పర్రున చిరిగింది. ఆ చప్పుడుకి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హైమవతి మెట్లు దిగుతుంటే పైన తలుపు పడలేదు. తెరిచే ఉంది.

నాలుగు దాటాక దేదీప్య వచ్చింది. బ్యాగు ఇంకా భుజాన ఉండగానే అడిగింది. "అమ్మా, ఫ్లాషెస్ నీ దగ్గర ఉన్నాయంట కదా? ఆంటీకి టెక్స్ట్ చేస్తే మీ అమ్మని అడుగు అంది. రేపు ఈవెనింగ్ ఫుల్ డ్రెస్ చెక్."

"ఆ గుడ్డ నీకు ఆవిడే ఇచ్చిందా?"

"లేదు. నేనే తీస్కున్నా. బ్లూ సూట్‌కేస్‌లో ఓల్డ్ బెడ్‌షీట్‌లా ఉంది కదా, రెడ్ బార్డర్‌ది. నువ్వు గ్రోసరీస్‌కి వెళ్లినప్పుడు. కొంచెమే కట్ చేశా, ఎడ్జ్ మాత్రమే." తల్లి మొహం చూసి గొంతు తగ్గించింది. "ఎందుకు? అది ఏంటి?"

అది ఏంటో హైమవతి ఈ పిల్లకి ఎప్పుడైనా చెప్పిందా? తీసిన ప్రతిసారీ గది తలుపు వేసుకునే తీసింది. పిల్ల చెయ్యి చాపితే "ముట్టుకోకు" అంది. దీపం ముట్టుకోకు, పసుపు కుంకుమ భరిణె తెరవకు, సూట్‌కేసు జోలికి పోకు. అన్నిటికీ ఒకే మాట. పదిహేనేళ్లు వచ్చిన పిల్ల పాత దుప్పటి అనుకోక ఏమనుకుంటుంది?

"మీ నాన్న పెళ్లిలో కట్టుకున్న పంచె," అంది చివరికి.

దేదీప్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓ మై గాడ్. డాడ్ వెడ్డింగ్ డ్రెస్? అమ్మా, సారీ. నిజంగా సారీ." ఏడుపు మొదలైంది. "నువ్వు ఆంటీని ఏమైనా అన్నావా?"

హైమవతి మొహం పక్కకు తిప్పుకుంది. దాంతో పిల్లకి అర్థమైంది. లేచి గదిలోకి వెళ్లింది. ఆ సాయంత్రం డ్రమ్ పుల్లల చప్పుడు రాలేదు.

వేణుమాధవ్ వచ్చాక, టీ ముందు పెట్టి అంతా చెప్పింది. తిడతాడనుకుంది. ఆయన చొక్కా పైకెత్తి పొట్ట చూసుకుని, "నాకెక్కడా కోత పడలేదే" అన్నాడు.

"ఛీ, అవేం మాటలండీ!"

"హైమా, నా ఉద్యోగం పంచె అంచుతో పోదు. పోతే మేనేజరు వల్ల పోతుంది. పోవచ్చు కూడా. సోమవారం తెలుస్తుంది." నోరు విప్పి చెప్పడం అదే మొదటిసారి. చెప్పి, బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి లోపల పడిపోతే చెంచాతో వెతుక్కున్నాడు. "అది సరే, ఆ అమ్మాయి చెయ్యని పని చేశానని ఎందుకు ఒప్పుకుంది?"

పిల్ల నిజం చెప్పినప్పటి నుంచీ అదే ప్రశ్న హైమవతిని తొలుస్తోంది. అందులో కూడా ఏదో ఉందేమోనని ఒక మూల అనుమానిస్తూనే ఉంది. ఊరికే ఎవరైనా తప్పు మీదేసుకుంటారా?

శుక్రవారం మధ్యాహ్నం పట్టీలూ పంచే సంచిలో పెట్టుకుని మళ్లీ మెట్లెక్కింది. అంకిత తలుపు తీసి, పక్కకు జరిగింది. రమ్మనలేదు.

"పిల్లే కోసిందట," అంది హైమవతి గుమ్మంలోనే.

"ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అంకిత మిషన్ ముందు స్టూల్ మీద కూర్చుంది. "చెప్తే ఏం చేస్తుంటివి? బ్యాండ్ బంద్, పైకి రాకు, అది ముట్టకు, ఇది ముట్టకు. ఆ పొల్ల వారం సంది ఆ నాలుగు ముక్కల కోసం ఎంత తిప్పలు పడ్డదో నేను చూసిన. పేపర్ మీద గీసి, కోసి, కాలికి పెట్టి చూసుకొని." సూది దగ్గర మిగిలిన ఎర్రదారాన్ని తెంపింది. "నన్నైతే ఎట్లైనా ఎవరో ఒకరు అంటనే ఉంటరు. ఇంకొకటి ఎక్కువైతే ఏమైతది అనుకున్న. మంచిదాన్నని అనుకోకు. నువ్వు పోయినంక నిన్ను బాగ తిట్టిన. కరీంనగర్ల తిట్టే తిట్లన్నీ తిట్టిన."

హైమవతి తల దించుకుంది. "నమ్రత మెసేజ్ పెట్టిందా?"

"పెట్టింది. 'ఈ వారం ప్లేస్ తక్కువుంది' అని. పోయిన వారం ఇరవై మంది పట్టినం ఆ హాల్ల."

"నేను చెప్తాను వాళ్లకి."

"చెప్పు, చెప్పకపో. నీ ఇష్టం."

చిరిగిన పట్టీని అంకిత వెలుతురులో పెట్టి చూసింది. పనికిరాదు. డ్రాయర్‌లోంచి ఎర్ర బ్లౌజ్ పీస్ తీసింది. "దీంతో ఒకటి చేస్త. దూరంకెల్లి ఎవరికి తెలుస్తది?"

"మూడు ఒకలా, ఒకటి ఇంకోలా ఉంటే ఎందుకని పిల్లని అడుగుతారు. అప్పుడది వాళ్లమ్మ చింపిందని చెప్పుకోవాలి." హైమవతి పంచె తీసి మిషన్ బల్ల మీద పరిచింది. "ఇందులోంచే కొయ్యి."

"నేను ముట్టనక్కా," అంది అంకిత. గొంతులో వెటకారం లేదు. "నువ్వే కొయ్యి."

కత్తెర బరువుగా ఉంది. హైమవతి మెడలోని సూత్రాలు జాకెట్‌లోకి దోపుకుంది. ఎందుకు దోపుకుందో ఆవిడకే తెలియదు, అవి చూడకూడదన్నట్టు. సోమవారం గుర్తొచ్చింది. మొగుడు కారు నడిపే హైవే గుర్తొచ్చింది. మొదటి కోత వంకర పోయింది. అంకిత పంచె రెండో కొస పట్టుకుని బిగించింది. బిగించిన గుడ్డ మీద కత్తెర తిన్నగా నడిచింది. తర్వాత మిషన్ చక్రం తిరిగింది. కొస ఏటవాలుగా కోసి, ఇస్త్రీ చేసి, హైమవతి ఎలాస్టిక్ లాగి పట్టుకుంటే అంకిత దాని మీద కుట్టు వేసింది. ఎడమకాలిది ఒక వైపు, కుడికాలిది రెండో వైపు పెట్టింది.

నాలుగింటికి నమ్రత ఇంట్లో గుమ్మం ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. హాల్లో చాపలు పరిచి ఉన్నాయి, సగం ఖాళీగా. హైమవతి దణ్ణం పెట్టి కూర్చుంది. మొదలుపెట్టబోతుంటే, "ఒక్క మాట చెప్పాలి," అంది. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "మా మధుపర్కం కోసింది మా దీపూ. బ్యాండ్‌కి పట్టీలు కావాలని, తెలియక కోసింది. అంకితకి ఏ పాపమూ తెలియదు. నేనే ఊరికే నోరు పారేసుకున్నాను."

ఎవరో "అయ్యో రామ" అన్నారు. ఇంకొకావిడ, "కాళ్లకా? మధుపర్కమా?" అని పక్కావిడని అడిగింది.

"పోనీలెండి హైమ గారూ, తెలిసింది కదా, మంచిదైంది," అంది నమ్రత, దీపం వత్తి సర్దుతూ.

"అయితే అంకితకి ఫోన్ చెయ్యండి. ఇంట్లోనే ఉంది. వచ్చేస్తుంది."

నమ్రత వత్తి సర్దుతూనే ఉంది. "ఇప్పుడు మొదలుపెట్టేశాం కదండీ. వచ్చే వారం చూద్దాం. అయినా..." చుట్టూ చూసింది. "మీరు ఆ మాట అన్నారని కాదండీ. ముత్తైదువలు కూర్చునే చోట, ఆ అమ్మాయి పరిస్థితి... ఎలా చెప్పాలా అని మేమూ అనుకుంటూనే ఉన్నాం. మీ విషయం వచ్చాక చెప్పడం సుళువైంది, అంతే."

ముందు వరసలో ఒకావిడ తల ఊపింది. పూలపళ్లెం ఒకరి నుంచి ఒకరికి వెళుతోంది.

హైమవతి అందరి మొహాలూ చూసింది. ఇందులో తనకి తెలియని మొహం ఒక్కటీ లేదు. వీళ్లకి అంచు పోయిందా లేదా, ఎవరు కోశారు, ఏమీ అక్కర్లేదు. ఒక సాకు కావాలి. అది తన నోట్లోంచే దొరికింది, బుధవారం మధ్యాహ్నం, ఎవరితో అనకండి అంటూ.

పూలపళ్లెం తన దగ్గరికి వచ్చింది. దాన్ని పక్కావిడ చేతికిచ్చి లేచింది.

"హైమ గారూ! పారాయణ మొదలయ్యే వేళ లేవకూడదండీ," నమ్రత వెనకనుంచి అంది. "అసలే మీ ఇంట్లో అంచు తెగింది. అరిష్టం."

గుమ్మంలో ఒక చెప్పు వేసుకున్న హైమవతి ఆగింది. ఇదివరకైతే అరిష్టమని ఎవరు అన్నా ఆవిడ కూర్చునేది. సోమవారం కళ్ల ముందు నిలబడింది.

లోపల ఎవరూ కదల్లేదు. గోడకి చెయ్యి ఆనించి, వంగి, రెండో చెప్పు కూడా వేసుకుంది.